ఇంగువలా వాడవలసిన బూడిద

ఒక ఆదివారం ఉదయం మా బాల్కనీ పైకప్పు నుంచి చేటంత పెచ్చు ఊడి కింద పడింది. ఆ సమయానికి అక్కడ ఎవరూ లేరు కాబట్టి తులసి కుండీతో పోయింది. చెన్నై తిరువాన్మియూరులో మేముండే ఫ్లాటు ముప్ఫై అయిదేళ్ల కిందటిది. గాలి ఇటు తిరిగితే అలల చప్పుడు వినిపించేంత దగ్గర సముద్రం. తలెత్తి చూస్తే పెచ్చు పోయినచోట రెండు ఇనుప చువ్వలు బయటపడి ఉన్నాయి. స్టూలెక్కి ఒకదాన్ని గోటితో గీకాను. తాపేశ్వరం కాజా పొరల్లాగా తుప్పు విడివిడిగా రాలి నా కళ్లజోడు మీద పడింది.

అదే వారం మా కుటుంబం వాట్సాప్ గుంపులోకి ఒక సందేశం వచ్చింది. సిమెంటులో అయిదోవంతు తీసేసి ఆ మేరకు ఊక బూడిద కలపండి, ఖర్చు తగ్గుతుంది, కాంక్రీటు గట్టిపడుతుంది, భూమి చల్లబడుతుంది అని దాని సారాంశం. కింద మా బాబాయి కొడుకు, నెల్లూరు జిల్లాలో వాళ్ల రైసు మిల్లు వెనక పేరుకున్న బూడిద గుట్ట ఫొటో పెట్టాడు. "అన్నయ్యా, మన దగ్గర కొండే ఉంది. మీ బాల్కనీకి ఎన్ని బస్తాలు పంపమంటావు?"

వాడు వేళాకోళానికే అడిగాడు. నేను మాత్రం పట్టుకుని వదల్లేదు. చదివాను, అడిగాను, చేతులు మసి చేసుకున్నాను. ఏడాది గడిచాక నాకంటూ ఒక అభిప్రాయం మిగిలింది. ఊక బూడిద కాంక్రీటులోకి వెళ్లవలసిన సరుకే. కానీ ఆ సందేశం చూపించిన దారిన వెళ్లకూడదు. చవకరకం సిమెంటుగా, పారబోసే చెత్తకు దొరికిన మోక్షంగా దాన్ని చూస్తున్నంత కాలం దానితో చెడ్డ కాంక్రీటే తయారవుతుంది. ఖరీదైన దినుసుగా ఎంచి, కొద్దిగా, అవసరమైన చోట వాడితే దాని విలువ తెలుస్తుంది. వంటింట్లో ఇంగువ డబ్బా ఉంటుంది. ఎంత ఇష్టమున్నా దాన్ని ఎవరూ గరిటెలతో వడ్డించుకోరు.

రెండు బస్తాలు, ఒక బట్టల బండ

బాల్కనీ మీద ప్రయోగం చేసే ధైర్యం నాకు లేదు. ఉన్నా మా మేస్త్రీ చేయనిచ్చేవాడు కాదు. అతనిది శ్రీకాకుళం దగ్గర పల్లె. ఇరవయ్యేళ్లుగా చెన్నైలో తాపీ పని చేస్తున్నాడు. 2014 జూన్‌లో మౌలివాక్కంలో 11 అంతస్తుల భవనం కూలి 61 మంది చనిపోయినప్పుడు వారిలో చాలామంది శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చిన కూలీలే. ఆ మాట వస్తే అతను ఇప్పటికీ చేతిలో పని ఆపేస్తాడు. బూడిద సంగతి చెప్పగానే, "బరువు మోసే దేని జోలికీ వద్దు బాబూ. మేడ మీద బట్టల బండ కావాలన్నారు కదా, అందులో వేసి చూద్దాం" అన్నాడు.

అలాగే చేశాం. పలకలతో ఒక చట్రం కట్టి, మధ్యలో రేకు అడ్డం పెట్టి రెండు భాగాలు చేశాడు. కుడివైపు మామూలు మాలు. ఎడమవైపు సిమెంటులో అయిదోవంతు తగ్గించి బాబాయి మిల్లు బూడిద. బస్తా విప్పగానే తెలిసింది, అది నేను ఊహించుకున్న మెత్తటి పొడి కాదు. నల్లగా, తేలికగా, చేతిలోకి తీసుకుంటే ఊక గింజ ఆకారం ఇంకా చెదరకుండా ఉంది. గమేళాలోకి పోస్తుంటే సముద్రపు గాలికి సగం మేస్త్రీ మీసాల మీద వాలింది.

నీళ్లు కలపడం మొదలుపెట్టాక అసలు తమాషా. కుడివైపు మాలుకు సరిపోయిన నీళ్లు ఎడమవైపు తడి కూడా చేయలేదు. ఒక మగ్గు పోశాం, ఇంకోటి పోశాం. "ఇది తాగేస్తోంది బాబూ" అంటూ మూడోది పోశాడు. అప్పటికి గానీ తాపీకి లొంగలేదు. మాలులో నీళ్లు పెరిగితే బలం తగ్గుతుందని చిన్న కూలీకి కూడా తెలుసు. కానీ బూడిద గింజ లోపలంతా తేనెపట్టులా గుల్ల. దాని పొట్ట నిండితే గానీ సిమెంటుకు నీళ్లు వదలదు. పెద్ద పనుల్లో నీళ్లు పెంచకుండా మాలును జారుగా చేసే రసాయనం వేస్తారు. మా మేడ మీద ప్లాస్టిక్ మగ్గు తప్ప మరేమీ లేదు.

వారం తర్వాత పలకలు విప్పాం. కుడివైపు గోరు దిగలేదు. ఎడమవైపు గీత పడింది. నెల తర్వాత కూడా వేలితో రుద్దితే మసి అంటింది, అంచుకు బకెట్టు తగిలితే ముక్క రాలింది. గుంపులో సందేశం పంపినవాడి మీద, బాబాయి కొడుకు మీద, బూడిద మీద వరసగా కోపం వచ్చింది.

ఆ తర్వాతే బుద్ధిగా కూర్చుని కాంక్రీటుకు మన దేశపు ప్రామాణిక గ్రంథమైన ఐఎస్ 456 తెరిచాను. 2000 సంవత్సరపు ప్రతి అది. అందులో ఫ్లై యాష్ (థర్మల్ కేంద్రాల బొగ్గు బూడిద), సిలికా ఫ్యూమ్ (సిలికాన్ కొలిముల పొగలోంచి పట్టే అతి మెత్తటి పొడి), మెటాకయోలిన్ (కాల్చిన తెల్ల బంకమట్టి)ల సరసన ఊక బూడిదకూ పీట వేశారు. వేసి, పక్కనే హెచ్చరించారు: ఏ చోటి నుంచి తెస్తే ఆ చోటి సరుకును పరీక్షించుకోవాలి, ఎందుకంటే ఒక్కోసారి ఇది కాంక్రీటుకు ఒండ్రుమట్టి అంత చేటు చేయగలదు. నీళ్లు ఎంత అడుగుతుందో, ఆరేటప్పుడు ఎంత కుంచించుకుపోతుందో ముందే చూసుకోమని కూడా అన్నారు. మా బట్టల బండ ఎడమవైపు కథంతా అంతకాలం కిందటే రాసిపెట్టి ఉందన్నమాట. అది రాసినవాళ్లు గుంపుల్లో సందేశాలు పంపరు, అంతే తేడా.

తొందరపడని మంట

నాకు తెలిసినవాడు ఒకడు కాంక్రీటు తయారుచేసి లారీల్లో పంపే ప్లాంటులో పరీక్షల గదిలో పనిచేస్తాడు. మిగిలిన బూడిద ఒక సీసాలో పోసి అతని దగ్గరకు తీసుకెళ్లాను. పది గ్రాములు తూచి చిన్న పింగాణీ మూసలో పోసి కొలిమిలో పెట్టాడు. కొన్ని గంటలకు బయటికి తీస్తే నలుపంతా పోయి పాలిపోయిన బూడిదరంగు మిగిలింది. తూస్తే ఎనిమిదిన్నర గ్రాములు. పోయిన ఒకటిన్నర సరిగా కాలని బొగ్గు. "మీరు సిమెంటులో పొయ్యి మసి కలిపారు" అన్నాడు నవ్వుతూ.

ఈ నలుపు, తెలుపుల తేడాలోనే కిటుకంతా ఉంది. వరి మొక్క నేలలోంచి సిలికాను, అంటే ఇసుకలో ఉండే పదార్థాన్నే, పీల్చి ఊకలో దాచుకుంటుంది. ఊక కాలిపోయాక మిగిలే బూడిదలో 85 నుంచి 95 శాతం వరకు సిలికాయే. అయితే మంట సుమారు 700 డిగ్రీలు దాటకుండా, ఊపిరాడేలా కాలిస్తే ఆ సిలికా గాజులాగా, ఒక క్రమం లేకుండా, దేనితోనైనా కలవడానికి సిద్ధంగా ఉంటుంది. వేడి హద్దు దాటితే, లేదా మరీ ఎక్కువసేపు కాలితే స్ఫటికాలుగా బిగుసుకుంటుంది. అప్పుడది ఇసుకకు అన్న. కాంక్రీటులో కదలదు, మెదలదు. పైగా ఆ స్ఫటికాల ధూళి ఊపిరితిత్తుల్లోకి వెళితే సిలికోసిస్ తెస్తుంది. క్యాన్సర్ కారకాల జాబితాలో కూడా అది ఉంది. మేస్త్రీ మీసాల మీద మసి వాలినప్పుడు ఇద్దరం నవ్వుకున్నాం. ఇప్పుడైతే ముఖానికి గుడ్డ కట్టుకోమంటాను.

మంచి బూడిద చేసే పని మన తాతలకు తెలిసిందే. సిమెంటులో నీళ్లు కలిపినప్పుడు గట్టి జిగురుతో పాటు కొంత సున్నం విడిగా మిగిలిపోతుంది. ఆ సున్నం బలానికి అక్కరకు రాదు. చురుకైన సిలికా దాన్ని పట్టుకుని మరింత జిగురుగా మారుస్తుంది, సందులు పూడుస్తుంది. గానుగ సున్నంలో ఇటుక పొడి కలిపి గచ్చు చేసినవాళ్లు చేసిందీ ఇదే. మైలాపూరు, జార్జిటౌనుల్లో ఇంకా నిలిచి ఉన్న మద్రాసు టెర్రస్ కప్పులు టేకు దూలాల మీద ఇటుకలు, సున్నంతో వేసినవి. ఆ మాటకొస్తే మన దేశంలో సిమెంటు తయారీకి మొదటి ప్రయత్నం జరిగిందీ ఈ ఊళ్లోనే. 1904లో, సముద్రపు గుల్లలను కాల్చి. అది నిలబడలేదు. పదేళ్ల తర్వాత పోర్‌బందర్‌లో పెట్టినది నిలబడింది.

మా అమ్మమ్మ దగ్గర ఊక పొయ్యి ఉండేది. ఇనుప డబ్బాకు అడుగున పక్కగా చిన్న కంత. మధ్యలో ఒక సీసా నిలబెట్టి, కంతలోంచి ఒక కట్టె దూర్చి, చుట్టూ ఊక పోసి పిడికిలితో దట్టించి కూరేది. తర్వాత సీసాను తిప్పుతూ మెల్లగా పైకి లాగేది. అది ఊడివచ్చేటప్పుడు ఊక గోడ కూలితే మళ్లీ మొదటికి. ఆ పని చేసేటప్పుడు మమ్మల్ని దగ్గర మాట్లాడనిచ్చేది కాదు. ఒకసారి అంటిస్తే పొద్దుటి కాఫీ నుంచి మధ్యాహ్నం పప్పు దాకా ఒకే పొయ్యి, నెమ్మదిగా లోపలినుంచి బయటికి కాలుతూ పోయేది. సాయంత్రానికి డబ్బాలో విబూది రంగు బూడిద. అంట్ల గిన్నెలకు అదే. మిల్లు బాయిలరులో ఊక కాలే తీరు వేరు. అక్కడ మంటకు ఒకటే పని: ఆవిరి. బూడిద ఎలా వస్తే అలా వస్తుంది. వానాకాలం ఊక తడిగా ఉంటే ఒక రకం, ఎండాకాలం ఒక రకం, రాత్రి షిఫ్టులో కునుకు తీస్తూ ఎగదోస్తే ఇంకో రకం.

సంక్రాంతికి వెళ్లినప్పుడు బాయిలరు కుర్రాడిని అడిగితే అతనే చెప్పాడు, గుట్టలో పొరలు చూపించి. నిజంగానే కనిపించాయి. నలుపు, బూడిద, మళ్లీ నలుపు, మధ్యలో గులాబీ చాయ. ఒకే గుట్టలో నాలుగు సరుకులు. వాటన్నిటినీ కలిపి ఊక బూడిద అని ఒకే పేరు పెట్టి పిలుస్తున్నాం.

ఒక బస్తాకు ఒక కిలో

ఇక ప్రపంచాన్ని రక్షించే లెక్క. ప్రపంచం వదిలే బొగ్గుపులుసు వాయువులో 7, 8 శాతం సిమెంటు వాటా. అందులో సగానికి పైగా ఇంధనం వల్ల వచ్చేది కాదు, సున్నపురాయే కొలిమిలో వదిలేది. కొలిమికి సూర్యుడి కరెంటు పెట్టినా అది ఆగదు. కాబట్టి సిమెంటులో కాల్చిన సున్నపురాయి పాలు తగ్గించడం తప్ప వేరే దారి పెద్దగా లేదు. ఇక్కడి వరకు ఆ సందేశంతో నాకు పేచీ లేదు.

పేచీ ఎక్కడంటే, తగ్గించిన ఆ పాలును దేనితో నింపాలన్న దగ్గర. 100 కిలోల ధాన్యానికి సుమారు 20 కిలోల ఊక. దాన్ని కాలిస్తే 4 కిలోల బూడిద. 2023-24లో దేశంలో పండిన బియ్యం దాదాపు 13.8 కోట్ల టన్నులు. అంటే ధాన్యం 20 కోట్ల టన్నులు, ఊక 4 కోట్లు, బూడిద 80 లక్షలు. ఏటా మనం తయారుచేసే సిమెంటు 40 కోట్ల టన్నులు దాటుతోంది. దేశంలోని ప్రతి ఊక గింజనూ పోగుచేసి, శ్రద్ధగా కాల్చి, పిండి పట్టించి, సమానంగా పంచినా 50 కిలోల సిమెంటు బస్తాకు వచ్చేది ఒక కిలో. అయిదోవంతు కలపమంటున్నవాళ్లు మిగిలిన తొమ్మిది కిలోలు ఎక్కడినుంచి తెస్తారు?

ఆ ఊకంతా ఖాళీగా కూర్చుని ఉందా అంటే అదీ లేదు. ఇటుక బట్టీలు కొంటాయి, కోళ్ల ఫారాలు కింద పరుచుకుంటాయి, మిల్లులు తామే కాల్చుకుంటాయి. వ్యర్థం అన్న మాట ఊళ్లో ఎవరి నోటా నేను వినలేదు. నగరంలో వ్యాసాలు రాసేవాళ్లే ఆ మాట అంటారు, నాతో సహా. స్ఫటికాలుగా బిగిసిన బూడిదకు కూడా బేరం ఉంది. కరిగిన ఉక్కు చల్లారకుండా పైన కప్పడానికి ఉక్కు కర్మాగారాలు దాన్ని వాడతాయి.

పెద్ద మొత్తంలో సిమెంటు తగ్గించే పని ఫ్లై యాష్, ఇనుప కొలిముల్లో మిగిలే చిట్టెమైన స్లాగ్ ఎప్పటినుంచో చేస్తున్నాయి. బజారులో పీపీసీ పేరుతో దొరికే రకం సిమెంటులో 15 నుంచి 35 శాతం దాకా ఫ్లై యాష్ ఉండవచ్చని ప్రమాణమే చెబుతోంది. మా పై అంతస్తు పెద్దాయన, "బూడిద కలిపిన సిమెంటు మా ఇంట్లో అడుగుపెట్టకూడదు" అని మేస్త్రీకి ఆజ్ఞాపించిన రోజున ఆయన గుమ్మం ముందు దించి ఉన్న బస్తాల మీద పీపీసీ అనే రాసి ఉంది. మేస్త్రీ నా వైపు చూసి ఊరుకున్నాడు. నేనూ ఊరుకున్నాను.

బొగ్గు కరెంటు తగ్గినకొద్దీ ఫ్లై యాష్ కూడా తగ్గుతుంది కదా అంటారు. తగ్గాలి కూడా. థర్మల్ కేంద్రాలున్న ఎన్నూరు వాగు పక్కన బతికేవాళ్లను అడిగితే తెలుస్తుంది బొగ్గు బూడిద నీళ్లలోకి చేరితే ఏమవుతుందో. కానీ దాని స్థానాన్ని నింపగలిగే సత్తా మట్టికి ఉంది, ఊకకు లేదు. కాల్చిన బంకమట్టి, సున్నపురాయి పొడి కలిపి చేసే సిమెంటుకు 2023లో మన ప్రమాణం కూడా వచ్చింది. మట్టికి కరువు లేదు. ఊక బూడిద ఇంగువైతే, అన్నం ఈ మట్టితో వండుకోవాలి.

పర్మిట్ల నాటి ముచ్చట

ఈ ఊక బూడిద ఆలోచన కొత్తదనుకుంటే పొరపాటు. 1970లలో అమెరికాలోని బర్కిలీ విశ్వవిద్యాలయంలో పి.కె. మెహతా దీని మీద విస్తృతంగా పనిచేశారు. ఇక్కడ ఐఐటీ కాన్పూరులో పి.సి. కపూర్ ఊక బూడిద, సున్నం కలిపి 'ఆష్‌మోహ్' అనే సిమెంటు తయారుచేశారు. బెంగళూరు ఐఐఎస్‌సీలో 1974లో మొదలైన ఆస్త్రా కేంద్రం పల్లెల ఇళ్లకు చవక సామగ్రి వెతికింది. ఆ రోజుల్లో సిమెంటు దొరికేది కాదు. మా నాన్న ఇంటికి మేడ వేద్దామని సిమెంటు పర్మిట్ కోసం తిరిగి తిరిగి చివరికి రేకులు వేసుకున్నాడు. కొరత ఉంది కాబట్టి బూడిద మీద ఆశ పుట్టింది. 1982లో కొంత, 1989లో పూర్తిగా ప్రభుత్వం సిమెంటు మీద నియంత్రణ ఎత్తేశాక ప్రతి వీధి మొగలో బస్తాలు దొరికాయి. బూడిద సిమెంటు అవసరం తీరిపోయింది.

ఇక్కడ నన్ను నేను సందేహించుకోవలసి వస్తోంది. ఆ ఇంజనీర్లు ఆలోచించింది సముద్రతీరపు వంతెనల గురించి కాదు, పల్లెలో ఇటుక గోడ, గోడకు పూత గురించి. అక్కడ పెద్ద బలం అక్కర్లేదు. ఇనుము లేదు కాబట్టి తుప్పు భయం లేదు. సున్నంతో కలిపి వాడితే ఒక మాదిరి బూడిద కూడా నెగ్గుకొస్తుంది. ఇంగువలా దాచుకోవాలని చెన్నైలో కూర్చుని చెప్పే నేను, ఊళ్లో పండిన సరుకును ఊరికి కాకుండా చేస్తున్నానా? కొంతవరకు అవుననే అనిపిస్తోంది. మిల్లు పక్క ఊళ్లో ఎవరైనా ప్రహరీ గోడకు సున్నం, బూడిద మాలు వాడుకుంటే నాకు అభ్యంతరం లేదు, మరీ నల్లగా లేనిది ఏరుకుని మెత్తగా దంచుకుంటే. కానీ ఇప్పుడు ఏ పల్లెలోనైనా ఇల్లంటే పిల్లర్లు, స్లాబు. నాలుగు చువ్వలు లేని ఇల్లు నాకు కనిపించడం లేదు. ఆ స్లాబులోకి ఈ గుట్ట వెళ్లకూడదు.

మేస్త్రీ రెండు వేళ్లు

మరి ఎక్కడికి వెళ్లాలి? మా బాల్కనీ లాంటి చోటికే. తీరంలో కాంక్రీటును చంపేది ఉప్పు. గాలితో, తడితో వచ్చిన క్లోరైడు సందుల్లోంచి మెల్లగా లోపలికి నడిచి చువ్వను చేరుతుంది. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బుతుంది, ఉబ్బి కాంక్రీటును లోపలినుంచి పగలగొడుతుంది. మంచి ఊక బూడిద, సిమెంటులో 10, 15 శాతం మేరకు, సిలికా ఫ్యూమ్ లాగే ఆ సందులను మూసేస్తుంది. ఉప్పు నడక బాగా మందగిస్తుంది. బలం పెరగడం కన్నా ఇది ఎక్కువ లాభమని నా ఉద్దేశం. నేలమాళిగలు, రేవుల పనులు, మురుగు కాలువలు, తీరం వెంబడి వంతెనలు: ముప్ఫై ఏళ్లకు బదులు అరవై ఏళ్లు నిలిచే కాంక్రీటు అంటే, రెండోసారి కొనని సిమెంటు అని అర్థం. బస్తాకు ఒక కిలో చొప్పున పంచితే కనిపించకుండాపోయే సరుకు, ఇక్కడ ఒక్కచోట పోస్తే లెక్కకు వస్తుంది.

ఈ మాటలన్నీ ఉత్సాహంగా మేస్త్రీకి చెప్పాను. బాల్కనీ మరమ్మతుకు చువ్వల తుప్పు రుద్దుతున్నాడు అప్పుడు. అంతా విని, పగిలిన అంచు దగ్గర చువ్వ కింద తన రెండు వేళ్లు ఆనించి చూపించాడు. "కింద ఉన్న కాంక్రీటు మందం ఇంతే బాబూ. రెండు వేళ్లు కూడా లేదు. అప్పట్లో చువ్వల కింద బిళ్లలు పెట్టలేదు. మీ బూడిద వేసినా, బంగారం వేసినా ఇది ఇలాగే ఊడేది." తీరపు గాలికి ఎదురుగా ఉండే కాంక్రీటుకు చువ్వ మీద 45 మిల్లీమీటర్ల కవచం ఉండాలని అదే ఐఎస్ 456 చెబుతోంది. మా బాల్కనీకి ఉన్నది పదిహేను ఇరవై.

అతని మాటకు ఇంకో బలం కూడా ఉంది, అది అతనికి చెప్పలేదు. బూడిద సున్నాన్ని తినేస్తుందన్నాను కదా. ఇనుముకు తుప్పు పట్టకుండా కాపాడేది ఆ సున్నపు ఘాటే. అది తగ్గితే, కవచం పలచగా ఉన్నచోట గాలిలోని బొగ్గుపులుసు వాయువు తొందరగా లోపలికి చేరి ఆ కాపలాను తీసేస్తుంది. ఉప్పుకు తలుపు వేసి గాలికి కిటికీ తీసినట్టు. సందులు మూసుకుపోవడం వల్ల అది కొంత సర్దుకుంటుంది గానీ, సరిగా తడపని కాంక్రీటులో సర్దుకోదు. మామూలు సిమెంటుకు ఏడు రోజులు తడిపితే చాలన్నచోట, ఇలాంటివి కలిపితే కనీసం పది రోజులు, పొడి ఎండల్లో పద్నాలుగు రోజులు తడపమంటారు. 2019 జూన్‌లో చెరువులు ఎండి ట్యాంకరు కోసం అర్ధరాత్రి బిందెలు వరసపెట్టిన ఊరు ఇది. ఆంధ్రలోని కండలేరు జలాశయం నుంచి నీళ్లు ఎప్పుడు వదులుతారా అని పూండి చెరువు వైపు చూస్తూ బతికే ఊరు. పద్నాలుగు రోజులు స్లాబు మీద నీళ్లు నిలబెట్టమంటే ఎంతమంది నిలబెడతారు? మా మేడ మీద బండకు నేను తడిపింది నాలుగు రోజులే, సిగ్గుపడుతూ ఒప్పుకుంటున్నాను.

అందుకే ఇది ఇంటి యజమాని చేతికీ మేస్త్రీ గమేళాకూ రాకూడదంటున్నాను. సిమెంటు ఫ్యాక్టరీలోనో, కాంక్రీటు ప్లాంటులోనో, పరీక్షించి, పిండి పట్టించి, తూకం వేసి కలపాలి. చెరకు పిప్పి బూడిద మీద ఐఐటీ మద్రాసులో జరిగిన పరిశోధన చూస్తే ఇదే అర్థమవుతుంది. చక్కెర మిల్లు నుంచి వచ్చిన బూడిదను ఉన్నదున్నట్టు వాడితే పెద్దగా ఫలితం లేదు. 300 మైక్రాన్ల జల్లెడ పట్టి సరిగా కాలని పీచును తీసేసి, మిగిలినదాన్ని సిమెంటంత మెత్తగా నూరితే పనికొచ్చింది. జల్లెడ, మర. మా అమ్మమ్మకు ఈ రెండూ కొత్తవి కావు. కానీ వాటికి ఎవరో ఒకరు డబ్బు పెట్టాలి.

కిలో ఎంత?

పరీక్షల గది మిత్రుడిని అదే అడిగాను: మంచి బూడిద దొరికితే మీ ప్లాంటు కొంటుందా? "మంచిది ఒక్కరోజు ఎవరైనా తెస్తారు. జనవరిలో తెచ్చినదీ ఆగస్టులో తెచ్చినదీ ఒకేలా ఉంటే చెప్పండి, సిలికా ఫ్యూమ్ ధర పక్కన పెట్టి మాట్లాడుకుందాం" అన్నాడు. సిలికా ఫ్యూమ్ ధర సిమెంటు ధరకు ఎన్నో రెట్లు. ఆ మాట వినగానే నాకు బూడిదలో పోసిన పన్నీరు సామెత తిరగబడినట్టు అనిపించింది.

బాబాయికి ఫోను చేసి ఉత్సాహంగా చెప్పాను. మంట కాస్త అదుపులో ఉంచితే, నల్లదాన్ని తెల్లదాన్ని వేరు చేస్తే, ఒక జల్లెడ పెడితే అని. ఆయన మధ్యలో ఆపలేదు. నేను ముగించాక అడిగారు: "ఒరే అబ్బాయీ, మంట తగ్గిస్తే ఆవిరి తగ్గుతుంది. ధాన్యం ఉడకడానికి ఇంకో గంట పడుతుంది. ఆ గంట కూలీ నాకు ఎవరిస్తారు? ఇప్పుడు ఈ గుట్ట ఎత్తించడానికి లారీకి నేనే ఎదురు డబ్బు ఇస్తున్నాను. కిలో ఎంతకు కొంటారో కనుక్కో. కాగితం మీద రాసిస్తే రేపే రేకుల షెడ్డు వేసి వేరే కుప్ప పోయిస్తాను."

మిత్రుడికి చెప్పాను. ముందు మూడు నెలలు, వారానికి ఒక సంచి చొప్పున నమూనాలు పంపమన్నాడు. బాబాయికి చెప్పాను. నమూనాకు ఎంతిస్తారని అడిగారు. ఈ రెండు ఫోన్ల మధ్య ఆరు వారాలుగా నేను ఉన్నాను. బస్సులో సంచి వేయించి పంపే ఖర్చు నాదేనని నిన్న ఒప్పుకున్నాను. మొదటిది శుక్రవారం మాధవరం బస్టాండులో దిగుతుంది. దాని మీద తేదీ, షిఫ్టు, ఆ రోజు ఊక తడిదా పొడిదా రాసి కట్టమని బాయిలరు కుర్రాడికి చెప్పాను.

ఈలోగా ఆదివారాలు బట్టలు బండకు కుడివైపునే ఉతుకుతున్నాను. ఎడమవైపు ఇంకా మసి వదులుతోంది.